మాకు అడ్డం చలి కాదు, ముసురు

చలికాలంలో ఇంట్లోనే సైకిల్ తొక్కడానికి డైరెక్ట్ డ్రైవ్ స్మార్ట్ ట్రైనరే (సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే, తొక్కుడు బరువు దానంతటదే మార్చే యంత్రం) కొనమని మీ వ్యాసంలో రాశారు, బానే ఉంది. మా నెల్లూరులో చలిదేముందండీ, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాలు, ముసురు, మైపాడు రోడ్డు గుంటల్లో నీళ్లు, అప్పుడే దీని అవసరం. వెనక చక్రం తీసేసి చైన్‌ని నేరుగా ట్రైనర్ మీది క్యాసెట్‌కి, అంటే వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తికి, ఎక్కిస్తాం కాబట్టి టైరు అరగదు, చప్పుడు తక్కువ, ఎంత బలంగా తొక్కుతున్నామో చెప్పే పవర్ లెక్క కూడా నికరంగా వస్తుంది, అంతవరకు ఒప్పుకుంటా. కానీ కొన్ని మోడళ్లకు క్యాసెట్ విడిగా కొనుక్కోవాలని, మన సైకిల్ వెనక గేర్లు 10 స్పీడా 11 స్పీడా, చక్రం బిగింపు క్విక్ రిలీజా (లివర్‌తో వదులయ్యేది) త్రూ యాక్సిలా (ఫ్రేములోకి మరబిగించే లావు ఇరుసు) అన్నది ముందే చూసుకోవాలని ఒక్క ముక్క రాయలేదేం? ఇంకోటి, కరెంటు. వాన మొదలైతే మా వీధిలో ముందు పోయేది అదే. చాలావాటికి ప్లగ్ పెట్టకపోతే లోడ్ (తొక్కుడు బరువు) మారదు, అందుకే ఇన్వర్టర్ లైను ఉన్న గదిలోనే పెట్టుకోండి. బయటైతే గాలికి ఆరిపోయే చెమట ఇంట్లో హ్యాండిల్ మీద నుంచి కారి హ్యాండిల్ తిరిగే చోటి హెడ్‌సెట్ బోల్టులకు తుప్పు పట్టిస్తుంది, పాత తువ్వాలు ఒకటి కప్పితే చాలు. ఎప్పుడో ఓసారి తొక్కేవాళ్లకి చక్రం తీయకుండా వెనక టైరుకి ఆనించే చౌక రకం ట్రైనరే చాలు, మిగిలిన డబ్బుతో మంచి టేబుల్ ఫ్యాన్ కొనుక్కోవచ్చు.