మా పెరట్లో వెలసిన చవక కేబిన్ గారికి

మహారాజశ్రీ పెరటి కేబిన్ గారికి,

మర్రిపాలెం నుంచి మీ యజమాని అనబడేవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నా కుశలం సంగతి కింద రాస్తాను. మీ కుశలం మాత్రం మీ నెత్తి మీదున్న నాలుగు ఇసుక బస్తాల మీద ఆధారపడి ఉంది.

మీరింకా కాగితం మీద గీతలుగా ఉన్నప్పుడు మీ ఖరీదు 80 వేలు. ఎనిమిది బై పది గది, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కిటికీ. హాల్లో టీవీకి, వంటింట్లో కుక్కరుకి, మా అమ్మ ఫోన్లో చుట్టాలందరితో స్పీకర్ పెట్టి జరిపే సభలకి దూరంగా కూర్చుని ఆఫీసు పని చేసుకోవాలని, అది కూడా పర్యావరణానికి హాని లేకుండా, చవగ్గా అయిపోవాలని నా ఆశ. ఆశకి జీఎస్టీ లేదు కదా.

మీ జాతకం స్థలం దగ్గరే మొదలైంది. ఈశాన్యంలో బరువు పెట్టకూడదన్నారు. నైరుతిలో మెట్లున్నాయి. ఆగ్నేయంలో బోరు. మిగిలింది వాయవ్యం, అక్కడ సెప్టిక్ ట్యాంకు. వాయుదేవుడి మూల కాబట్టి గాలికి లోటుండదన్నారు, లేదు కూడా, కాకపోతే ఆ గాలి ఏం మోసుకొస్తోందో వాస్తు చెప్పినాయన ముక్కుకి తెలియాలి. సముద్రపు గాలికి మా ఇల్లే అడ్డం, పడమటి ఎండకి ఏ అడ్డూ లేదు. విశాఖలో ఉంటూ సముద్రపు గాలి తగలని గది కట్టడానికి కూడా ఒక నేర్పు కావాలి.

గోడల దగ్గరికొస్తే నేను బాగా చదువుకునే దిగాను. పరవాడ పక్కన 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ ప్లాంటు ఉండగా మనకి బూడిదకి కొదవేమిటని ఫ్లై యాష్ ఇటుకలు తెప్పించాను, వాటిని బట్టీలో కాల్చక్కర్లేదు. బొగ్గు కాల్చిన పాపం వాళ్ళది, బూడిద వాడిన పుణ్యం నాది. ఆ ఇటుకల్ని కూడా కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ చవక ఇళ్ళకి తెగ వాడిన ర్యాట్‌ట్రాప్ పద్ధతిలో, అంటే ఇటుకని అంచు మీద నిలబెట్టి గోడ మధ్యలో ఖాళీ ఉండేలా కట్టమన్నాను. పావు వంతు ఇటుకలు మిగులుతాయి, మధ్యలో ఉన్న గాలి వేడిని ఆపుతుంది. పేరుకి తెలుగులో అర్థం చెప్పడమే నేను చేసిన తప్పు.

"ఎలకల బోనా బాబూ? గోడ మధ్యలో ఖాళీ ఒగ్గేస్తే అయ్యొచ్చి కాపరమెట్టవా?" అన్నాడు మేస్త్రి.

కట్టాడు, నిజమే. ఇటుకలు పావు వంతు తగ్గాయి, కూలి నాలుగు రోజులు పెరిగింది. పాత ఇల్లు పడగొట్టిన చోట చవగ్గా దొరికిన టేకు కిటికీ ఇంకో ఘనకార్యం. కిటికీ కన్నా దాన్ని సాపు చేసిన వడ్రంగికి ఎక్కువిచ్చాను.

ఇంత చేసి మీ నెత్తిన ఏం పెట్టాను? రేకు. ఒక్క అంతస్తు గదికి ఎండ వేడి ఎక్కువగా దిగేది పైకప్పులోంచేనన్న సంగతి గోడలు లేచాక గుర్తొచ్చింది. తెల్ల రంగు వేయించాను. చాలక తాటాకు కప్పిద్దామంటే, ఆ పని తెలిసిన వాళ్ళంతా భీమిలి వైపు రిసార్టులకి వెళ్ళిపోయారట. ఒకప్పుడు డబ్బుల్లేక కప్పుకున్న తాటాకుని ఇప్పుడు డబ్బున్న వాళ్ళే కప్పించుకోగలరు. నేను రేకుతోనే సరిపెట్టుకున్నాను. మొదటి వానకి ఆఫీసు కాల్‌లో మా మేనేజరు, "మీ దగ్గర ఎవరైనా పేలాలు వేయిస్తున్నారా?" అని అడిగాడు.

బస్తాల కథ వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు ఈ ఊళ్ళో ఉన్నవాడెవడూ రేకుని నమ్మడు. ఎవరింటి రేకు ఎవరి డాబా మీద వాలిందో, రోజుల తరబడి కరెంటు లేని చీకట్లో ఎవరు వెతుక్కుంటారు? అందుకని జే బోల్టులు బిగించినా (ఉప్పు గాలికి అవి అప్పుడే ఎర్రబడ్డాయి) పైన బస్తాలు పెట్టించాను. మేస్త్రి వాటిని మోసి, దిగి, చెమట తుడుచుకుని అన్న మాట నాకు ఇంకా గుచ్చుకుంటోంది.

"మా ఊళ్ళో మా తాతది సుట్టిల్లు బాబూ. మట్టి గోడ, నేల దాకా తాటాకు. గుండ్రంగుంటే గాలికి పట్టుకోడానికి మూల దొరకదు. మూలలెట్టి కట్టడమెందుకు, మళ్ళీ బస్తాలెత్తడమెందుకు?"

మూలలే లేకపోతే ఈశాన్యం గొడవా ఉండేది కాదు. ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరు ఫోన్లో సూపించారు కదా, మాకేటి తెలుసు" అన్నాడు. మొత్తం లెక్క 1,93,000 దగ్గర ఆపేశాను. డబ్బు ఆగలేదు, రాయడం ఆపాను.

సోలార్ పలక సంగతి కూడా రాసేస్తాను. దాంతో 28 వాట్ల ఫ్యాను, ఒక లైటు నడవాలి. మధ్యాహ్నం రెండు దాటితే కొబ్బరి చెట్టు నీడ దాని మీద పడుతుంది. చెట్టు కొట్టిద్దామన్నాను. "హుద్‌హుద్‌కే నిలబడిన చెట్టురా, నీ ఫ్యానుకి పడగొడతావా" అంది అమ్మ. చెట్టు మాత్రం నా మాట మనసులో పెట్టుకుంది. మొన్న మీటింగులో నేను నోరు తెరిచిన క్షణాన రేకు మీద కాయ వేసింది.

ప్రస్తుతం మీలో ఉన్నవారు: ఆవకాయ జాడీలు మూడు, పిల్లాడి పాత సైకిలు, దసరాకి తప్ప తీయని బొమ్మలు, చుట్టాలు వచ్చినప్పుడు వేసే మడత మంచం. గోడలు భలే చల్లగా ఉన్నాయిరా, జాడీలకి ఇంతకంటే మంచి చోటు లేదు అని అమ్మ లారీ బేకర్‌కి యోగ్యతాపత్రం ఇచ్చేసింది. నేను ఈ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. కుక్కరు మూడో కూత వేసింది.

ఇట్లు,
మీ పునాదికి కొబ్బరికాయ కొట్టినవాడు

తా.క.: మా ఆవిడ మిమ్మల్ని కేబిన్ అనడం మానేసి కొట్టుగది అంటోంది. వాయవ్యంలో కొట్టుగదికి వాస్తు అభ్యంతరం ఏమీ లేదట.