నోరు మూయని పులిగారికి

మహారాజశ్రీ పులిగారి దివ్యసముఖమునకు,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగడం లేదు, తమరు పోయి అరవై ఏళ్ళు దాటింది కాబట్టి.

నిన్న తమరి పని మీదే అరపూట సెలవు పెట్టాను. నాన్న పోయాక బెంగళూరు మల్లేశ్వరంలో ఇల్లు అప్పులకి పోయింది, పొలం బాబాయికి పోయింది, నా వాటాకి గోడకి తగిలించే పులితలగా తమరు వచ్చారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం తమర్ని అమ్మకూడదు. వారసత్వంగా వస్తే 90 రోజుల్లోగా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి తెలియజేయాలి. సరే కదా అని పాత సర్టిఫికెట్టూ తమరి ఫొటోలూ పట్టుకుని ఆ ఆఫీసుకి వెళ్ళాను. రెండింటికి రమ్మన్నాయన నాలుగున్నరకి సీట్లోకొచ్చాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి ఫొటో చూసి, పక్క సీటాయన్ని పిలిచాడు.

"నగ్తా ఇదె అల్వా?"

కన్నడంలో, నవ్వుతోంది కదా, అని. ముగ్గురు లేచి వచ్చి చూశారు. ముగ్గురూ అవునన్నారు. వివరాల గడిలో తల ఎటు తిరిగిందో, నోరెలా ఉందో, పళ్ళెన్నో రాసి, పక్క నుంచి తీసిన ఫొటోతో సోమవారం రమ్మన్నాడు. వద్దనుకుంటే ప్రభుత్వానికి అప్పగించేయొచ్చట, 2022 సవరణలో ఆ వీలు పెట్టారట. పైసా మాత్రం ఇవ్వరు. ఆ అర్జీ కాగితం కూడా చేతిలో పెట్టాడు, పాపం.

అయ్యా, మిగతావన్నీ ఎప్పుడో క్షమించేశాను. తమరికి పిల్లికళ్ళు పెట్టారు. పులి కనుపాప గుండ్రంగా ఉంటుంది, తమరిది నిలువు గీత. క్షమించాను. తల ఎడమకి తిప్పి బిగించారు. మల్లేశ్వరం హాల్లో తమరు వీధిగుమ్మం చూసేవారు, ఈ రెండు బెడ్రూముల ఫ్లాట్లో సరిగ్గా బాత్రూమ్ తలుపు చూస్తున్నారు. వచ్చిన చుట్టాలు లోపలికి వెళ్ళడానికి మొహమాటపడుతున్నారు. పోనీ, అదీ క్షమించాను.

నోరు మాత్రం నావల్ల కాదు.

తాతయ్య 1958 డైరీలో మూడు ముక్కలున్నాయి: "తల ఎడమకు. నోరు పూర్తిగా తెరిచి. చూచినవాడికి దడ పుట్టవలెను." అంతే, నీ బతుకు తేలిపోయింది. నిన్ను చేయించింది మైసూరులో. మైసూరు అనగానే అందరూ, వేటాడిన జంతువుల తోళ్ళకి ఆకారం పోయడంలో పేరుపడ్డ వాన్ ఇంగెన్ వాళ్ళ పులులా అంటారు. వాళ్ళు అచ్చుల్లో పేపర్ మాషేతో, అంటే కాగితపు గుజ్జుతో, ఒంటి ఆకారం పోసి, దాని మీద తోలు తొడిగేవాళ్ళు. వాళ్ళ పనే అనడానికి నీ మీద ముద్రా లేదు, చీటీ లేదు. ఎవరో పేరు తెలియని పనివాడు, తాతయ్య ఏమడిగితే అది చేసిచ్చాడు. నోరు మూసిన ఆకారమే అడిగుంటే నాలుక పనీ చిగుళ్ళ పనీ తప్పేవి. మీసాలు దించుకుని, ఏదో ఆలోచిస్తున్న పెద్దమనిషిలా గోడ మీద ఉండేవాడివి.

నోరు తెరిస్తే తెరిచారు, మిగతా ముఖానికి ఆ సంగతి చెప్పాలా వద్దా? పులి నిజంగా పళ్ళు బయటపెట్టినప్పుడు ముక్కు మీద తోలు మడతలు మడతలుగా లేస్తుంది, చెవులు వెనక్కి పోతాయి, కళ్ళు చిన్నవవుతాయి. నీ ముక్కు ఇస్త్రీ చేసినట్టుంది. చెవులు రేడియోలో వార్తలు వింటున్నట్టు నిక్కి ఉన్నాయి. కళ్ళు ఇంతింత. కింద మాత్రం నోరు గుహ. ఇది కోపమా? పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడి ముఖం ఇది! ఆ గుమాస్తా తప్పేముంది?

పైగా నువ్వు చచ్చినప్పుడు గర్జించనే లేదు. నాన్న చెప్పాడు. మంచె కింద దూడని కట్టేశారు. నువ్వొచ్చి తల వంచుకుని తింటున్నావు. తాతయ్య కలప కాంట్రాక్టు దయ వల్ల వచ్చిన దొరగారెవరో పైనుంచి కాల్చాడు. తాతయ్య పట్టుకున్నది టార్చిలైటు. నోటి నిండా కూడుతో పోయినవాడికి ఈ గర్జన ఎక్కణ్ణించి తెచ్చారు? అది నీది కాదు. టార్చి పట్టుకున్నాయనది. ఇప్పుడు మార్చడానికీ లేదు, ఆకారం మీద తోలు ఒకసారి ఆరిపోయిందంటే అంతే. నీ నోరు మూయించడం ఎవరి తరమూ కాదు.

రాత్రి భోజనాలయ్యాక నిచ్చెన వేసుకుని నీ పళ్ళు లెక్కపెట్టాను, గ్లవుజులు తొడుక్కుని. పాతకాలం తోళ్ళకి పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూసేవాళ్ళు. "విషంరా, చెయ్యి పెట్టావంటే చస్తావ్" అని నాన్న మమ్మల్ని చిన్నప్పుడు నీ దరిదాపులకి రానిచ్చేవాడు కాదు. పులికి 30 పళ్ళుండాలి. నీకు 28. ఇల్లు మారినప్పుడు రెండు రాలినట్టున్నాయి. మళ్ళీ లెక్కపెడదామని సెల్‌ఫోన్ లైటు లోపలికి వేశాను. నాలుక వెనకాల ఏదో పసుప్పచ్చగా కనిపించింది.

చార్మినార్ పెట్టె. లోపల రెండు సిగరెట్లు, పొట్టు రాలిపోయి.

నా పదిహేడో ఏట జేబులో అగ్గిపెట్టె దొరికిందని చెంప పగలగొట్టిన మనిషి మా నాన్న! ఇంటికొచ్చిన ప్రతివాడికీ గుటక కనిపించేంత నోరు తెరుచుకుని ఇన్నేళ్ళు కూర్చున్నావు, ఒక్కడికి చెప్పావా? తాతయ్యకి చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని నీ కిందే నిలబడి ఏడ్చాను కదరా, నాకూ చెప్పలేదు.

పెట్టె తీసినచోటే పెట్టేశాను. అప్పగింత అర్జీ వెనక మా అమ్మాయి భాగహారాలు చేసుకుంటోంది. సోమవారం ఇంకో అరపూట సెలవు.

ఇట్లు,
నీ మూడో తరం

తా.క.: బాత్రూమ్ తలుపుకి కర్టెన్ కడుతున్నాం.