తక్కెడ వాళ్లదే, రాళ్లూ వాళ్లవే

ఆర్‌ఎఫ్‌ఐడీ, అంటే రేడియో తరంగాలతో చదివే ట్యాగులు, చేసే కంపెనీల పనితనం తేల్చాలంటే టోల్ గేటు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలని నాలాంటి పామరులు అనుకుంటారు. ఆమధ్య సంక్రాంతికి ఊరెళ్తూ అక్కడ పది కాదు, నలభై నిమిషాలు నిలబడ్డాను. అద్దం మీద ట్యాగు ఉంది, పైన రీడర్ ఉంది, గేటు మాత్రం లేవలేదు. ఒక కుర్రాడు చేతి మిషను పట్టుకొచ్చి అద్దానికి హారతి ఇచ్చినట్టు మూడుసార్లు తిప్పాడు. "అన్నా, కొంచెం వెనక్కి తియ్యి" అన్నాడు. వెనకాల లారీ. లారీ వెనకాల సగం ఆంధ్రదేశం.

కానీ ఇది శాస్త్రీయమైన కొలత కాదట. శాస్త్రీయమైనది వేరే ఉంది: డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్, ముద్దుగా డీఈఏ. 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ అనే ముగ్గురు పండితులు దీన్ని లోకానికిచ్చారు. అమెరికాలో పేదపిల్లల కోసం బడుల్లో నడిచిన ఒక ప్రభుత్వ కార్యక్రమాన్ని తూచడంతో మొదలైంది. పిల్లవాడి ఆత్మవిశ్వాసానికి బజార్లో రేటు ఉండదు కదా! కాబట్టి దేనికెంత విలువో ఏ బడికి ఆ బడే తనకు అనుకూలంగా ఎంచుకోవచ్చన్నారు. న్యాయమే. ఆ తర్వాత బ్యాంకులు, ఆస్పత్రులు అదే తక్కెడ ఎక్కాయి, చివరికి ట్యాగు కంపెనీలూ ఎక్కాయి. సరుకుల మీద చీటీలు అతికించి బతికే వాళ్లను రేటులేని సరుకుల తక్కెడలో తూచడం నాకు ముచ్చటేసింది.

పద్ధతి చూడండి. ఒక పళ్లెంలో ఉద్యోగులు, ఆస్తులు, పరిశోధన ఖర్చు. రెండో పళ్లెంలో అమ్మకాలు, లాభం. తనకు ఏది కలిసొస్తే దానికి ఎక్కువ బరువు వేసుకునే హక్కు ప్రతి కంపెనీకీ ఉంది. అవే బరువులతో తూచినా మిగతావాళ్లెవరూ దాన్ని మించకపోతే స్కోరు 1. అంతకంటే పై మార్కు లేదు. లెక్కల్లో తప్పి డ్రాయింగులో రాణించినవాడు "సార్, లెక్కలు తీసేసి డ్రాయింగు ఒక్కటే చూడండి" అంటే, "అలాగే నాయనా" అనే మాస్టారు మాకు దొరకలేదు. దొరికుంటే నేనూ డాక్టరయ్యేవాణ్ని. పైగా కంపెనీలు తక్కువై, తూచే అంశాలు ఎక్కువైతే దాదాపు అందరికీ 1 వస్తుంది. అంశాలకు మూడింతల కంపెనీలైనా ఉండాలని పండితులే హెచ్చరించారు. హెచ్చరికలు ఎవరు చదువుతారు?

మరి నష్టం వస్తే? ఈ తక్కెడ దాని మామూలు రూపంలో మైనస్ అంకెను మింగలేదు. విరుగుడుగా అందరి లాభాలకూ ఒకే పెద్ద అంకె కలిపేస్తారు. నష్టం మాయం! మా బాబాయి చీటీల లెక్కలు ఇలాగే రాసేవాడు. పాపం, ఆయన దగ్గర పీహెచ్‌డీ లేక ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చింది.

ఇంతకీ తక్కెడెక్కిన ఆ ట్యాగు కంపెనీల కథ వినండి. 2003 జనవరిలో బ్లేడ్ల కంపెనీ జిల్లెట్ 50 కోట్ల దాకా ట్యాగులు కొంటానంది. జూన్‌లో వాల్‌మార్ట్ తన 100 మంది పెద్ద సరఫరాదారులను 2005 జనవరికల్లా పెట్టెలకు ట్యాగులు అతికించమంది. ట్యాగు అయిదు సెంట్లకే వస్తుందని అందరూ కలగన్నారు. నీళ్లన్నా, లోహమన్నా ఈ తరంగాలకు గిట్టదు. వాల్‌మార్ట్ దుకాణంలో చూస్తే షాంపూ సీసాలు, కూల్‌డ్రింకు డబ్బాలు! జిల్లెట్‌కు ట్యాగులివ్వాల్సిన ఎలియన్ టెక్నాలజీ 2006లో పబ్లిక్ ఇష్యూకు దరఖాస్తు పెట్టి, అదే ఏడాది వెనక్కి తీసుకుంది. నన్నడిగితే రెండో పళ్లెంలో 'ఆశలు' అని ఒక గడి ఉండాల్సింది. ఎలియన్‌కు 1 గ్యారంటీ.

టోల్ గేటు సంగతి మధ్యలో వదిలేశాను. కుర్రాడు నాలుగోసారి మిషను తిప్పి తెర చూశాడు. "ట్యాగు బాగానే ఉందన్నా, బ్యాలెన్సే మైనస్‌లో ఉంది." అందరి ఖాతాలకూ ఒకే పెద్ద అంకె కలిపితే ఏ గొడవా ఉండదని శాస్త్రం విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

డబుల్ కట్టించుకున్నాడు.