మూడు నెలల షుగర్ టెస్టు పక్కన హిమోగ్లోబిన్ కూడా చూడాలి

హెచ్‌బీఏ1సీ అనే పేరు నోరు తిరగనివాళ్లకు కూడా ‘మూడు నెలల టెస్టు’ అంటే తెలుసు. 6.5 శాతం తాకితే షుగర్ వచ్చినట్టు, 7 లోపు ఉంటే చాలామందికి అదుపులో ఉన్నట్టు లెక్క. ఆ ఒక్క అంకెను చూసే మందులు మొదలవుతాయి, డోసు పెరుగుతుంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. కానీ ఈ టెస్టు రక్తంలోని గ్లూకోజ్‌ను నేరుగా కొలవదు. హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌కు ఎంత చక్కెర అంటుకుందో కొలుస్తుంది. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న మన రాష్ట్రాల్లో ఈ తేడాను పక్కన పెట్టి రిపోర్టు చదవడం సరికాదని నా వాదన.

ప్రొటీన్లకు చక్కెర అంటుకోవడం దానంతట అదే చెడ్డదేమీ కాదు. శరీరం ఎంజైముల సాయంతో, ఎక్కడ ఏది కావాలో అక్కడ, చక్కెర గొలుసులను పనిగట్టుకుని తగిలిస్తుంది. ఎర్రకణాల పైపొరలో ప్రొటీన్లకు, కొవ్వులకు తగిలించిన చక్కెరల్లో చివరిది ఏదన్నదే ఏ, బీ గ్రూపుల మధ్య తేడా. 1952లో డాక్టర్ భెండే బృందం బొంబాయిలో గుర్తించిన అరుదైన బ్లడ్ గ్రూపులో, ఫ్యూకోజ్ అనే ఒకే ఒక్క చక్కెర చేరక ఆ గొలుసు ముందే ఆగిపోతుంది. అందుకే ఆ గ్రూపువారికి ‘ఓ’ గ్రూపు రక్తం కూడా పనికిరాదు. అంత చిన్న మార్పుకు అంత ఫలితం!

షుగర్ వ్యాధిలో జరిగేది వేరు. ఇక్కడ ఎంజైము లేదు, అవసరమూ లేదు. రక్తంలో గ్లూకోజ్ ఎంత ఎక్కువగా, ఎంత కాలం ఉంటే అంతగా అది ప్రొటీన్లకు అతుక్కుపోతుంది. పెనం మీద రొట్టె ఎర్రబడేటప్పుడు జరిగే రసాయన చర్య కూడా ఈ కోవలోదే. ఒంట్లో అది చాలా నెమ్మదిగా సాగుతుంది. త్వరగా పాతబడి పోయే ప్రొటీన్లకు దీనివల్ల పెద్ద నష్టం ఉండదు. రక్తనాళాల గోడల్లోని కొల్లాజెన్, కంటి కటకంలోని క్రిస్టలిన్ ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వాటి మీద చక్కెర పేరుకుని, ఒకదానితో ఒకటి బిగుసుకుంటే రక్తనాళాలు గట్టిపడతాయి, శుక్లం తొందరగా వస్తుంది. కిడ్నీ, నరాల సమస్యల్లోనూ దీని పాత్ర ఉంది.

ఎర్రకణం బతికేది సుమారు 120 రోజులు. గ్లూకోజ్ దాని లోపలికి వెళ్లడానికి ఇన్సులిన్ అక్కర్లేదు. కాబట్టి అందులోని హిమోగ్లోబిన్ మీద ఆ రోజులన్నిటి లెక్కా పడుతుంది. షుగర్ రోగుల రక్తంలో మామూలుకు భిన్నంగా ఉన్న ఈ హిమోగ్లోబిన్‌ను 1968లో టెహరాన్‌లో శామ్యూల్ రహ్బర్ గుర్తించారు. 1993లో వెలువడిన డీసీసీటీ అధ్యయనం దానికి వైద్యంలో స్థిరమైన చోటు ఇచ్చింది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్ 1 రోగులను ఏళ్ల పాటు గమనిస్తే, హెచ్‌బీఏ1సీని 9 దగ్గర కాకుండా 7 దగ్గర ఉంచినవారిలో కొత్తగా రెటీనా దెబ్బతినే ప్రమాదం 76 శాతం తగ్గింది. ఇంత బలమైన ఆధారం ఉన్న పరీక్షను పక్కన పడేయాలని ఎవరూ అనరు, నేనూ అనను. పరగడుపున రావాల్సిన పని లేదు, ముందు రోజు విందు భోజనం చేసినా ఫలితం తారుమారు కాదు.

అయితే లెక్క రాసేది ఎర్రకణం మీద కాబట్టి, ఎర్రకణం ఆయుష్షు మారితే అంకె మారుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐరన్ లోపం వల్ల వచ్చే రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు. కొత్త కణాల తయారీ మందగించి, చక్కెర బాగా పట్టిన పాత కణాల వాటా పెరగడం దీనికి ఒక వివరణ. 6.3 వచ్చిన ఆమెకు నిజంగా షుగర్ అంచున ఉందా, లేక ఐరన్ తక్కువా? ఆ కాగితం ఒక్కటే చూసి చెప్పలేం. ఐరన్ మాత్రలు వాడాక కొత్త కణాలు వచ్చి అంకె తగ్గితే, ఆమె షుగర్ అదుపులోకి వచ్చిందని సంబరపడుతుంది. గ్లూకోజ్ ఉన్నచోటే ఉండి ఉండవచ్చు.

రెండో వైపు ప్రమాదం ఇంకా పెద్దది. ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బుల్లోనూ, ఒంట్లోంచి రక్తం బాగా పోయినా, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా అంకె తక్కువగా రావచ్చు. ఉన్న షుగర్ కనబడకుండా పోతుంది. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో సికిల్ సెల్ సమస్య, అంటే ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు, ఉంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు వచ్చినవారిలో మామూలు ‘హిమోగ్లోబిన్ ఏ’ తయారే కాదు. ఇక దాని మీద చక్కెర కొలిచేదేముంది? సికిల్ సెల్ నిర్మూలనకు 2023లో కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఆ పరీక్షల ఫలితం షుగర్ పరీక్ష చేసే చోటికి చేరకపోతే సగం ప్రయోజనం పోయినట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఈ టెస్టుతో షుగర్‌ను నిర్ధారించవచ్చని చెప్పినప్పుడే షరతులూ పెట్టింది. కొలతను తప్పుదారి పట్టించే జబ్బులేవీ ఉండకూడదు, 6.5 కంటే తక్కువ వచ్చినంత మాత్రాన షుగర్ లేదని తేల్చేయకూడదు అంది. మనం 6.5ను పట్టుకుని, షరతులను వదిలేశాం.

నా దృష్టిలో చేయాల్సింది పెద్ద ఖర్చు పనేమీ కాదు. హెచ్‌బీఏ1సీ రిపోర్టు ఇచ్చే ప్రతి ల్యాబూ అదే కాగితం మీద హిమోగ్లోబిన్ ఎంతో కూడా ముద్రించాలి. ఊళ్లలో పెట్టే ఉచిత శిబిరాల్లో ఈ అంకె ఒక్కదాంతో ఎవరికీ షుగర్ ముద్ర వేయకూడదు. పరగడుపు పరీక్ష, అనుమానముంటే గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చేసే పరీక్ష కూడా చేయాలి. రెండు మూడు వారాల లెక్క చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష ఎర్రకణాలతో సంబంధం లేనిది, రక్తంలోని ప్రొటీన్ల మీద చక్కెరను చూస్తుంది. దానికీ పరిమితి ఉంది: మూత్రంలో ప్రొటీన్ బాగా పోతున్నవారిలో అది నమ్మదగింది కాదు.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉన్నవారు ఒక పోలిక చూసుకోవచ్చు. హెచ్‌బీఏ1సీ 7 అంటే సగటు గ్లూకోజ్ సుమారు 154. పరగడుపున, తిన్నాక, రాత్రి పడుకునే ముందు ఎప్పుడు చూసినా 110 దగ్గరే ఉంటూ రిపోర్టులో మాత్రం 7 వస్తే, లేదా మీటర్ తరచూ 200 దాటుతున్నా రిపోర్టు 6 లోపే ఉంటే, మాత్రలు సొంతంగా మార్చుకోకుండా ఆ రీడింగులు రాసుకుని డాక్టర్‌కు చూపించండి. హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ ఒకసారి చూద్దామా అని మీరే అడగండి.