మడికొండ జెండా పాట

సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో, వాడేవాళ్లను అడుగుతూ చురుగ్గా తయారుచేసే ఎజైల్ పద్ధతిని తిట్టడం ఈమధ్య ఫ్యాషనైపోయింది. పని రానివాళ్లే పద్ధతిని తిడతారని నా గట్టి నమ్మకం. అందుకే వరంగల్ పక్కన మడికొండలోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు తరఫున, ఎవరూ అడక్కపోయినా, ఎజైల్‌కు నా సంపూర్ణ మద్దతు ప్రకటిస్తున్నాను. హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. మార్చి ఆఖరుకల్లా ప్రతి టీమూ ఎజైల్ అయిపోవాలి, అయినట్టు అంకెల్లో చూపాలి. ఇందులో తప్పేముంది? చురుకుదనాన్ని శాతాల్లో ఎలా చూపిస్తారని గొణిగే నాస్తికులు మా క్యాంటీన్‌లోనూ ఉన్నారు. వాళ్లకు ఎక్సెల్ షీటు శక్తి తెలియదు.

ఎజైల్ పుట్టుక సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో, 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడి ఒక ప్రకటన రాశారు. అందులో 4 విలువలు. వాటికి తోడుగా 12 సూత్రాలు. ఏడో సూత్రం ఏమంటుందంటే, ప్రగతికి అసలు కొలమానం పనిచేసే సాఫ్ట్‌వేరేనట. మంచు మీద జారే తొందరలో రాసి ఉంటారు పాపం. కొలత ఒక్కటే అయితే షీటులో మిగతా గడులు ఏం పెట్టి నింపాలి? ఆ లోటు మేం పూడ్చాం. రోజూ నిలబడి జరిపే స్టాండప్ సమావేశానికి హాజరు, ఒక్కో పనికి ఒకటి చొప్పున వేసి బోర్డు మీద కదిపిన టికెట్లు, చేసిన పనిని వెనక్కి చూసుకునే రెట్రో సమావేశంలో అతికించిన చీటీలు, ఎజైల్ శిక్షణ సర్టిఫికెట్లు, అన్నిటికీ తలా ఒక కాలమ్ ఉంది. సాఫ్ట్‌వేర్ పనిచేస్తోందా అన్న కాలమ్ కూడా పెడదామనుకున్నారు గానీ, పేజీ అడ్డంగా తిప్పినా ప్రింటులో పట్టలేదు.

ముందు స్టాండప్ గురించి. లక్ష్యం నూటికి నూరు శాతం హాజరు. ఎజైల్‌లో ఒక రకమైన స్క్రమ్‌కు నియమావళి స్క్రమ్ గైడ్. అది రోజుకు 15 నిమిషాలే అంటుంది, ఆ నియమాలు చూసుకునే మా స్క్రమ్ మాస్టర్ ఫోన్లో టైమర్ పెట్టి దాన్ని వాటర్ బాటిల్‌కు ఆనించి నిలబెడతాడు. చిక్కల్లా జనగామ నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయితోనే. రైలు కాజీపేట బయట సిగ్నల్ కోసం ఆగిందంటే ఆ రోజు మా శాతం మునిగినట్టే. కమిటీ కూర్చుని మార్గం కనిపెట్టింది. ఆమె బోగీలోంచే ఫోన్లో చేరుతుంది. "నిన్న లాగిన్ పేజీ చేసిన, ఇయ్యాల..." అనేసరికి ఘన్‌పూర్ దాటుతుంది, మాట తెగిపోతుంది. ఇయ్యాల ఏం చేస్తుందో ఈనాటి వరకూ మాలో ఎవరం వినలేదు. అయినా హాజరు పడుతుంది. సీటు దొరక్క నిలబడే వస్తుంది కాబట్టి స్టాండప్ నిబంధనకూ భంగం లేదు. సీటు దొరికిన రోజు ఆ సంగతి ఆమె చెప్పదు, మేం అడగం.

నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు, అడ్డంకులేంటి అనే మూడు ప్రశ్నలను 2020 నాటి స్క్రమ్ గైడ్ తీసేసింది. మేం తీయలేదు. షీటులో అప్పటికే మూడు గడులు గీసేసి ఉన్నాయి.

ఇక స్టోరీ పాయింట్లు. ఈ శాస్త్రం తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగానే చెప్తాను. ఒక పని ఎంత పెద్దదో గంటల్లో చెప్తే అందరం పట్టుబడతాం. అందుకని 1, 2, 3, 5, 8, 13 అంటూ అంకెల్లో చెప్తాం. అంకె తేల్చడానికి పత్తాలాట ఉంది, ప్లానింగ్ పోకర్ అంటారు. 2002లో జేమ్స్ గ్రెనింగ్ అనే ఆయన పెట్టిన పద్ధతి. అందరూ ఒక్కసారే పత్తా తిప్పి చూపాలి. పెద్దాయన అంకె చూసి చిన్నవాళ్లు తమది మార్చుకోకూడదన్నది దాని ఉద్దేశం. గొప్ప ఆలోచన. మా దగ్గర పత్తాలు తిప్పేముందు మేనేజర్ గారు దగ్గుతారు. ఒకసారి దగ్గితే 5, రెండుసార్లు దగ్గితే 8. జలుబు చేసిన వారం మా అంచనాలన్నీ 13 దాటాయి.

స్ప్రింట్ అనే రెండు వారాల విడతలో టీము పూర్తిచేసిన పాయింట్ల మొత్తం వెలాసిటీ. ఆ వెలాసిటీ ప్రతి మూడు నెలలకూ 20 శాతం పెరగాలని పైనుంచి లక్ష్యం వచ్చింది. వచ్చిన నాడు కాస్త కంగారు పడ్డాం. తర్వాత ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోకుండానే దారి దొరికింది. అక్టోబరులో ఒక బటన్‌ను ఎరుపు నుంచి ఆకుపచ్చకు మార్చడం 2 పాయింట్ల పని. జనవరిలో ఇంకో పేజీలో అలాంటి బటన్‌నే మార్చితే 5. అదే బటను, అదే ఆకుపచ్చ, మార్చిన పిల్లవాడూ అతనే. గ్రాఫు మాత్రం మెట్టుగుట్ట ఎక్కుతోంది. ఆ గ్రాఫును లిఫ్టు పక్కన గోడకు అతికించారు.

దీనికి వంకలు పెట్టే పండితులు లేకపోలేదు. చార్ల్స్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త 1975లో బ్రిటన్ ద్రవ్య విధానం గురించి రాస్తూ చెప్పిన మాటను, 1997లో మెరిలిన్ స్ట్రాదర్న్ అనే ఆవిడ సూటిగా తేల్చేసింది: కొలతనే లక్ష్యంగా పెట్టుకుంటే అది ఇక మంచి కొలత కాదని. పాయింట్లను బహుశా తానే కనిపెట్టి ఉంటానని, కనిపెట్టి ఉంటే అందుకు ఇప్పుడు విచారిస్తున్నానని రాన్ జెఫ్రీస్ రాసుకున్నాడు. స్నోబర్డ్‌లో కూర్చున్న 17 మందిలో ఆయనా ఒకడు. ఇంత మంచి వస్తువు కనిపెట్టి విచారమేమిటో నాకు అర్థం కాదు. పట్టుమని 15 పేజీలు లేని స్క్రమ్ గైడ్‌ను తిరగేస్తే వెలాసిటీ ఊసే లేదు, స్టోరీ పాయింట్ల ఊసూ లేదు. రాసినవాళ్లు మర్చిపోయారు, మేం గుర్తుపెట్టుకున్నాం.

నిజానికి ఈ విద్యలో ఓరుగల్లు వాళ్లకు బయటి గురువులు అక్కర్లేదు. మిర్చి సీజన్‌లో పొద్దున్నే ఎనుమాముల మార్కెట్‌కు పోయి చూడండి. యార్డులో ముందు జెండా పాట పాడతారు. వచ్చిన సరుకులో మేలైన రాశి ఒకటి చూసి, దాని చుట్టూ వ్యాపారులు చేరి వేలం పాడి, పలికిన ధరను ప్రకటిస్తారు. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ ధరే. నర్సంపేటలోనో పరకాలలోనో రైతు అది చదివి, ట్రాలీ మాట్లాడుకుని బస్తాలు లేపుకొస్తాడు. తీరా ఆయన రాశి దగ్గరికి వచ్చేసరికి తేమ ఉందంటారు, తాలు కలిసిందంటారు, రంగు తగ్గిందంటారు. జెండా పాట అబద్ధమని ఎవరూ అనలేరు. ఆ ధరకు ఒక రాశి నిజంగానే పోయింది. మిగతా యార్డంతా దాన్ని తలుచుకుంటూ దానికంటే తక్కువకు అమ్ముకుపోతుంది.

మా హెడ్డాఫీసులో దీన్ని పైలట్ టీం అంటారు. ఎంచి ఎంచి కూర్చిన కొద్దిమంది, కొత్త ప్రాజెక్టు, పాత కోడు బాధ లేదు, కస్టమర్ ఫోను రాదు. వాళ్ల వెలాసిటీ ఎంత వచ్చిందో మెయిల్లో అందరికీ పంపుతారు. అది చదివి మేం పన్నెండేళ్ల నాటి కోడును ట్రాలీకి ఎత్తుకుని బయల్దేరాలి. వాళ్ల 5, మా 5 ఒకటి కాదని, పాయింటు ఆ టీముకు ఆ టీము కట్టుకున్న లెక్కేనని, రెండు టీముల మధ్య పోలిక చెల్లదని శిక్షణలోనే చెప్పారు. ఆ శిక్షణకు నూరు శాతం హాజరు సాధించాం గనక మళ్లీ వినాల్సిన పని లేదు.

జెండా పాట ఇంత బాగా నాకెలా తెలుసంటే, మా టీము కస్టమర్ ఎనుమాముల దగ్గరి ఒక అడ్తిదారు, అంటే రైతు సరుకు అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి. రైతుకు ఇచ్చే తక్‌పట్టీని ముద్రించే సాఫ్ట్‌వేర్ మాదే. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏం ధర, కమీషన్, హమాలీ ఖర్చు పోను చేతికెంత, అన్నీ ఆ చిట్టీలోనే ఉండాలి. సంక్రాంతి దాటాక మొత్తం లక్ష దాటిన చిట్టీల్లో చివరి అంకె రాలిపోవడం మొదలైంది. 1,20,000 రావాల్సిన చోట 1,20,00 అని వస్తుంది. గుమస్తా నీలం పెన్నుతో ఒక్కో చిట్టీ మీద సున్నా దిద్దుతున్నాడు. ఆయన ఫోన్ చేసినప్పుడు నేను మా టెస్టర్ పక్కనే ఉన్నాను.

"తమ్మీ, సున్నా ఇంకా పడ్తలేదు."

"టికెట్ ఏసినం అన్నా. స్ప్రింట్‌ల రావాలె."

"ఎప్పుడొస్తది?"

"రెండు వారాలకో స్ప్రింట్ అన్నా. గీ స్ప్రింట్‌ల లేదు. వచ్చేదాంట్ల సూడాలె."

"రైతు ఈడనే నిలబడ్డడు తమ్మీ. అచ్చుల లేని సున్నాను నేనెట్ల నమ్మాలె అంటుండు."

రైతు అడిగిందీ న్యాయమే. టికెట్ సంగతికొస్తే, అది 1 పాయింటు పని. కాలమ్ వెడల్పు పెంచితే అయిపోతుంది. ఒక పాయింటుతో వెలాసిటీ ఏం పెరుగుతుంది? పైగా అడ్తిదారు పెద్ద కొడుకు ఎక్కడో చూసి, రంగురంగుల డ్యాష్‌బోర్డు కావాలన్నాడు, దానికి 13 పాయింట్లు. మిర్చి రకాలవారీగా ధరలు గీతల్లో కదులుతాయి, తేజ ఒక రంగు, వండర్ హాట్ ఇంకో రంగు. సున్నా మూడు స్ప్రింట్లుగా బోర్డు అడుగున కూర్చుని ఉంది. దానికి చేయాల్సిన మర్యాద మేం చేశాం. ప్రాధాన్యం "మధ్యస్థం" అని రాశాం.

ఇదే అదనుగా మా టెస్టర్ రెట్రోలో ఒక గులాబీ చీటీ అతికించాడు. రోజుకు ఎన్ని తక్‌పట్టీలకు పెన్ను తగులుతోందో గుమస్తాను అడిగి రాసుకుందాం, నెలాఖరుకు ఆ సంఖ్య సున్నా చేద్దాం, బాధ్యత నాది అన్నాడు. చూడటానికి నిరపాయంగానే ఉంది. 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన లక్ష్యమంటే స్పష్టంగా ఉండాలి, కొలవదగ్గదై ఉండాలి, ఎవరు చేస్తారో తెలియాలి, చేయగలిగిందై ఉండాలి, గడువుండాలి అన్నాడు. చీటీలో అయిదూ ఉన్నాయి. కమిటీ గంటసేపు ఆలోచించి తిరస్కరించింది. ఆ కొలత మన పరిధిలోకి రాదు, పెన్ను వాళ్లది అని నమోదు చేశారు. చీటీని మాత్రం చీటీల లెక్కలో కలుపుకున్నారు.

ఇంకో వర్గం ఉంది. డోరా అనే పరిశోధక బృందం చెప్పిన నాలుగు కొలతలు పెట్టమంటారు. కోడు రాసి చేర్చినప్పటినుంచి అది వాడేవాళ్ల చేతికందడానికి ఎంతకాలం పడుతోంది, ఎంత తరచుగా విడుదల చేస్తున్నాం, చేసినవాటిలో ఎన్ని బెడిసికొడుతున్నాయి, బెడిసికొడితే ఎంతసేపట్లో నిలబెడుతున్నాం. వీటిలోనూ మాయ చేయొచ్చు, కాదనను. విడుదలల సంఖ్యే లక్ష్యమంటే కామా మార్చి రోజుకు నాలుగుసార్లు విడుదల చేయగల మొనగాళ్లు మా దగ్గరున్నారు. కానీ నాలుగూ కలిపి చూస్తే ఒక ప్రమాదం ఉంది. కామాతో ఒకటి పెంచితే ఇంకొకటి నవ్వులపాలు చేస్తుంది. మేనేజర్ దగ్గుతో ఏదీ కదలదు. ఇలాంటి కొలతలు టీము మనోధైర్యాన్ని దెబ్బతీస్తాయని నేను లిఖితపూర్వకంగా తెలియజేశాను.

మొన్న ఆదివారం యార్డు మూసి ఉండగా మా టెస్టర్ బండేసుకుని అడ్తి దుకాణానికి పోయాడట. గుమస్తా టీ చెప్పి వచ్చేలోపు కాలమ్ వెడల్పు పెంచాడు, పాత చిట్టీలు నాలుగు మళ్లీ తీసి చూశాడు, సున్నాలన్నీ అచ్చులోనే పడ్డాయి. సోమవారం స్టాండప్‌లో ఆ మాట చెప్పగానే గది మూగబోయింది. టికెట్టు బోర్డు మీద కదల్లేదు. స్ప్రింట్‌లో లేని పని చేశాడు. అనుమతి లేకుండా విడుదల చేశాడు. ఎజైల్ పరిపక్వత షీటులో మూడు కాలమ్‌లు ఒకేసారి ఎర్రబడ్డాయి. సంజాయిషీ రాసివ్వమని మేనేజర్ గారు ఆదేశించారు. సంజాయిషీ రాయడం కూడా పనే కదా సార్, టికెట్ వేయండి, ఒక 3 పాయింట్లు అవుతుంది అన్నాడు కుర్రాడు. మేనేజర్ గారు రెండుసార్లు దగ్గారు. 8 ఇచ్చాం.