మహారాజశ్రీ అట్టపెట్టె గారికి ఒక బాటసారి విన్నపం

మహారాజశ్రీ ఫ్లాట్‌రేట్ అట్టపెట్టె గారి సముఖమునకు, జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మేన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం వైపు అపలాచియన్ ట్రెయిల్ అనే అమెరికా కొండబాట మీద, దారిలోని ఊళ్ల పోస్టాఫీసులకు ఇంటి నుంచి తమ ద్వారా సరుకులు వస్తుండగా, కాలినడకన పోతున్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరి క్షేమం గురించి నాకు ఏ దిగులూ లేదు. నా భుజాల క్షేమం గురించే ఈ నాలుగు ముక్కలు రాయవలసి వచ్చింది.

అమెరికాలో తమరు పోస్టాఫీసుల్లో ఉచితంగానే దొరుకుతారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు గల తమ పెద్ద అవతారంలో 70 పౌండ్ల దాకా, అంటే దాదాపు 32 కిలోల దాకా ఏమి కుక్కినా, దేశంలో ఏ మూలకు పంపినా రుసుము ఒక్కటే. ఈ ఏర్పాటు చేసిన పెద్దమనుషులు దీన్ని లెక్కల సౌలభ్యం అనుకుని ఉంటారు. మా ఇంట్లో మాత్రం దీన్ని పందెంగా తీసుకున్నారు. డబ్బు కట్టేశాక తమలో వేలెడంత జాగా ఖాళీగా వదలడమంటే, మా అమ్మ దృష్టిలో, తపాలా శాఖకు అప్పనంగా ధారపోయడమే.

డాలస్‌లోని అక్క ఇంట్లో తమను నింపిన వైభవాన్ని వీడియో కాల్‌లో కళ్లారా చూశాను. ముందు సున్నుండల డబ్బా దిగింది. డబ్బాకూ తమ గోడకూ మధ్య మిగిలిన సందులో జంతికల పొట్లాలు, జంతికల నడుమ కందిపొడి ప్యాకెట్లు, వాటి మీద మూడు కవర్లు తొడిగిన గోంగూర పచ్చడి, ఇక గాలి తప్ప ఏదీ పట్టదనుకున్న మూలలో నేను నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క వస్తువైన ఉన్ని మేజోళ్లు, ఆ మేజోళ్ల లోపల మళ్లీ వెల్లుల్లి కారం. మూత పడకపోతే నాన్న అందులోంచి ఏదైనా తీయమనలేదు; కుర్చీలోంచి లేచి వచ్చి రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు, అక్క టేపు వేసింది. "ఎంత బరువైనా ఒకటే రేటటరా" అని అమ్మ నాకు శుభవార్త చెప్పినట్టు చెప్పింది. ఆ బరువును పోస్టాఫీసు గడప నుంచి అవతలి కొండ మీదికి మోసేవాడి రేటు తమ అట్ట మీద ఎక్కడా అచ్చు వేయలేదని సవినయంగా గుర్తు చేస్తున్నాను.

మా బాట ఆచారాలు తమకు తెలియవు కాబట్టి మనవి చేసుకుంటాను. 14 రాష్ట్రాల గుండా దాదాపు 2,200 మైళ్లు నడవదలచినవాడు బరువు విషయంలో మడి కట్టుకున్నంత నిష్ఠగా ఉంటాడు. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోస్తాడు, గుడారానికి కుట్టిన కంపెనీ చీటీలను కత్తిరిస్తాడు, చెంచాను తక్కెడలో వేసి చూసి నిట్టూరుస్తాడు. తిండి రోజుకు రెండు పౌండ్ల చొప్పున తర్వాతి ఊరి దాకా లెక్క చూసుకుని, అంతకు మించి ఒక్క బిస్కెట్టును కూడా సంచిలోకి రానివ్వడు. ఇంత తపస్సు చేసి కొండ దిగిన మనిషికి ఊళ్లో తమ దర్శనమవుతుంది.

ఆ దర్శనం కూడా అంత తేలిక కాదు. స్థిరమైన ఇల్లు లేనివాడి పేరు కింద 'జనరల్ డెలివరీ' అని రాసి, ఊరి పేరూ జిప్ కోడూ వేసి, పక్కన ఈ బాటసారి ఫలానా తేదీకి వస్తాడని సూచిస్తే, అక్కడి పోస్టాఫీసు మామూలుగా 30 రోజుల వరకు తమను అట్టే పెడుతుంది. గుర్తింపు కార్డు చూపి తీసుకోవాలి. వినడానికి ఎంతో బాగుంది. అయితే 2012లో పల్లెల్లోని వేలాది చిన్న పోస్టాఫీసుల పనివేళలను రోజుకు ఆరు గంటలకో, నాలుగు గంటలకో, రెండు గంటలకో కుదించారు. ఇక శనివారం సగం పూట తెరిస్తే గొప్ప, ఆదివారం సెలవు, మే నెల చివరి సోమవారం అమరవీరుల దినం. ఉద్యోగాన్నీ గడియారాన్నీ వదిలించుకుని స్వేచ్ఛగా బతకడానికే అడవికి వచ్చానని రాత్రి చలిమంట దగ్గర ఉపన్యసించినవాడు శుక్రవారం మధ్యాహ్నానికల్లా రొప్పుకుంటూ కొండ దిగి పరుగెడుతున్నాడంటే, అది కేవలం తమ మహిమ. ఏ ఆఫీసు మేనేజరూ మమ్మల్ని ఇంత సమయపాలన చేయించలేకపోయాడు.

నాన్న తమతో పాటు పంపిన ఉత్తరంలో ఆ నెల వర్జ్యాలూ దుర్ముహూర్తాలూ వరుసగా రాసి, ఆ వేళల్లో బయలుదేరవద్దని హెచ్చరించారు. డాలస్ సూర్యోదయానికి కట్టిన దుర్ముహూర్తం టెనెసీ కొండల్లో ఎన్ని గంటలకు తగులుతుందో పెద్దలే తేల్చాలి. శనివారం మధ్యాహ్నం కౌంటరు మూసినప్పుడు మొదలై సోమవారం ఉదయం దాకా సాగే దుర్ముహూర్తాన్ని మాత్రం ఇకనైనా పంచాంగకర్తలు గుర్తించాలని కోరుతున్నాను.

ఇక పేరు సంగతి. బాట మీద ప్రతివాడికీ తోటివాళ్లు పెట్టిన ఒక మారుపేరు ఉంటుంది. పోస్టాఫీసుకు అది చెల్లదు, కార్డు మీద ఉన్న పేరే కావాలి. ఒక చిన్న ఊళ్లో కౌంటరులోని పెద్దావిడ నా ఇంటిపేరు మొదటి అక్షరం కింద వెతికారు, తమరు లేరు. అసలు పేరు కింద వెతికారు, అక్కడా లేరు. నా వెనక వరుస పెరుగుతోంది. చివరికి ఆవిడ లోపలికి వెళ్లి, పాత పేపరు పరిచిన ట్రేలో విడిగా కూర్చోబెట్టిన తమను, గోంగూర నూనె ఒక మూల నుంచి ఊరుతుండగా, రెండు వేళ్లతో పట్టుకుని తెచ్చారు. చిరునామాలో అమ్మ నా ఇంటిపేరు కన్నా ముందు పెద్ద అక్షరాలతో 'చిన్నా' అని రాసింది కాబట్టి తమరు ఆ పేరు కిందే భద్రంగా ఉన్నారట. వరుసలో ఉన్న బాటసారులంతా విన్నారు. అప్పటిదాకా మారుపేరు లేని నాకు ఆ రోజు నుంచి అదే స్థిరపడింది.

నార్త్ కరోలినాలోని హాట్ స్ప్రింగ్స్‌లో బాట ఊరి నడివీధి గుండానే పోతుంది. అక్కడ ఒక బెంచీ మీద తమను విప్పి పంపకాలు చేశాను. మోయలేనిదాన్ని బాటసారులు 'హైకర్ బాక్స్' అనే ఉమ్మడి పెట్టెలో వదిలేస్తారు, కావలసినవాళ్లు తీసుకుంటారు. అమ్మ కందిపొడి ఆ విధంగా ఒహాయో కుర్రాడి పాలై, అతని ఇన్‌స్టంట్ బంగాళదుంప గుజ్జులో కలిసింది. రెండు ముద్దలు తిన్నాక, ఇందులోకి నెయ్యి పంపలేదా అని అతను నన్నే నిలదీశాడు.

సున్నుండల విషయంలో మాత్రం తమ మీద నాకు ఫిర్యాదు లేదు. మినుములు, బెల్లం, నెయ్యి: కొవ్వులో గ్రాముకు తొమ్మిది కేలరీలు ఉంటే పిండిపదార్థాల్లో నాలుగే కాబట్టి, నేతితో కట్టిన ఉండ ముందు రంగుల కాగితం చుట్టిన ఎనర్జీ బార్లు పైన పటారం లోన లొటారమే. మా నాయనమ్మలు ఏ కొండ ఎక్కడానికి వీటిని కనిపెట్టారో తెలియదు.

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ 67 ఏళ్ల వయసులో ఈ బాటను ఒంటరిగా, భుజాన ఒక గుడ్డసంచితో, మొదటి నుంచి చివరి దాకా నడిచారు. 11 మంది పిల్లల తల్లి అయిన ఆవిడ ఇంట్లో నడకకు వెళ్తున్నానని మాత్రమే చెప్పి బయలుదేరారు. ఆవిడ ధైర్యాన్ని అందరూ పొగుడుతారు. నన్నడిగితే పొగడవలసింది ఆ ముందుచూపును. ఎక్కడికో చెబితే పెట్టె వస్తుంది.

చివరిగా రెండు విన్నపాలు. వైట్ పర్వతాలకు ముందు న్యూ హాంప్‌షైర్‌లోని గ్లెన్‌క్లిఫ్‌కు నా చలిబట్టలు తేవలసింది తమరే. వాటి జేబుల్లో తినేవేవీ లేకుండా చూడండి, ఎలుగుబంట్లు తిరిగే చోట వాసన వచ్చే ప్రతిదాన్నీ రాత్రిపూట చెట్టుకు వేలాడదీయాలి, కోటును కూడా వేలాడదీస్తే నేను చలికి వణకాలి. ఆ తర్వాత మేన్‌లో మాన్సన్. అక్కడ ఊరు దాటితే 'వంద మైళ్ల అరణ్యం'. కనీసం పది రోజుల సరుకులు లేకుండా లోపలికి పోవద్దని మొదట్లోనే బోర్డు పెట్టారు. ఆ బోర్డు ఫొటోను అక్క ఇప్పటికే అమ్మకు చూపించింది. పదిని ఇరవై చేసుకునే ఆవిడ చేతిలో పడబోతున్నారు కాబట్టి, నాన్న మూత అదిమే వేళకు దయచేసి ఒక మూల చిరిగిపొండి. ఆ చిరిగే మూల జంతికల వైపు ఉండాలి గానీ, సున్నుండల వైపు వద్దు.

ఇట్లు,
తమ విధేయుడు,
చిన్నా,
కేరాఫ్ జనరల్ డెలివరీ