రాజుకి జర్మనీ ఎందుకు?

చెల్లెలికి మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది, అక్టోబరులో చేరాలి. రాజు ఆమె మియాపూర్ ఫ్లాట్‌లో పెరిగిన వీధికుక్క. ఆరేళ్లవాడు, 18 కిలోలు. వాణ్ని తెనాలిలో తన దగ్గర వదిలి వెళ్లమంటాడు అన్న, వెంట తీసుకెళ్తానంటుంది చెల్లెలు. నేను చెల్లెలి పక్షం, ముందే చెప్పేస్తున్నాను. అలాగని అన్న మాటల్లో పదును తగ్గించి రాయలేదు.

అన్న: ముందొకటి చెప్పు. జర్మనీ వస్తానని వాడు అడిగాడా?

చెల్లెలు: తెనాలి వస్తాననీ అడగలేదుగా అన్నయ్యా.

అన్న: తెనాలి వాడికి తెలిసిన చోటు. పెరడుంది, జామచెట్టు నీడుంది, పిలిచి పెరుగన్నం పెట్టే అమ్మ ఉంది. నువ్వేమో పెట్టెలో కుక్కి, లగేజీతో పాటు పడేసి, తీసుకెళ్లి మంచులో దింపుతానంటున్నావు.

చెల్లెలు: లగేజీతో పాటు విమానం కడుపులోకే వెళ్తాడు, నిజమే. కేబిన్‌లోకి చాలా ఎయిర్‌లైన్లు సంచితో కలిపి ఎనిమిది కిలోల లోపు వాటినే రానిస్తాయి. కానీ కింద జంతువుల్ని పెట్టే చోట కూడా మన కేబిన్‌లో ఉన్నట్టే గాలి పీడనం ఉంటుంది, వేడీ చలీ అదుపులో ఉంచుతారు.

అన్న: అదంతా తలుపులు మూసి పైకి లేచాక. అంతకుముందు ట్రాలీ మీద ఎండలో నిలబెట్టినప్పుడో? విమానం నాలుగు గంటలు లేటైనప్పుడో? పగ్ జాతి కుక్కల్ని అసలు ఎక్కించుకోమని చాలా కంపెనీలు చెప్పేశాయట. వాళ్లకే అంత భయం ఉంటే మనకెంత ఉండాలి?

చెల్లెలు: పగ్‌ల సంగతి నిజం. నొక్కుకుపోయిన ముక్కు, మామూలు రోజుల్లోనే ఊపిరి కష్టం. వేడికీ టెన్షన్‌కీ రొప్పినా ఒళ్లు చల్లబడదు వాటికి. అప్పట్లో హచ్ ఫోన్ ప్రకటనలో పగ్‌ని చూసి ముచ్చటపడి కొన్నవాళ్లు ఇలాంటప్పుడే చిక్కుల్లో పడతారు. రాజుది పొడుగాటి ఊరకుక్క మూతి, ఆ బాధ లేదు. ఎండ గురించి నువ్వన్నది మాత్రం ఒప్పుకుంటాను. అందుకే వాడి ప్రయాణం జనవరిలో పెట్టుకున్నాను.

అన్న: నువ్వు వెళ్లేది అక్టోబరులో కదా?

చెల్లెలు: నేను అక్టోబరులోనే. వాడి ప్రయాణం తేదీ నా ఆఫీసు చెప్పేది కాదు, వాడి రక్తం చెప్పేది. అందరూ బోర్లాపడేది ఇక్కడే. టికెట్ కొంటారు, సామాను అమ్మేస్తారు, ఇల్లు ఖాళీ చేస్తారు, ఆఖరి నెలలో కుక్క గుర్తొస్తుంది. అప్పటికి ఎన్ని డబ్బులు పోసినా పని జరగదు. యూరప్ వాళ్లకి ముందు కుక్క ఒంట్లో గుర్తింపు నంబరున్న చిప్ పడాలి, టీకా ఆ తర్వాతే. రాజుకి ఏటా రేబిస్ టీకా వేయిస్తూనే ఉన్నాను, పుస్తకం నిండా స్టిక్కర్లే. చిప్ లేనప్పుడు వేసినవి కాబట్టి అవేవీ చెల్లవు! అందుకే మొన్న శ్రావణంలో చిప్ వేయించాను. బియ్యపు గింజంత ఉంటుంది, రెండు భుజాల మధ్య చర్మం కిందకి సూదితో పంపుతారు. డాక్టరుగారు రీడరు ఆనించగానే బీప్‌మని పదిహేను అంకెలొచ్చాయి. ఆయన చదివితే నేను రాశాను, నేను చదివితే ఆయన సరిచూశారు. ల్యాబ్ కాగితం మీద ఒక్క అంకె తేడా వచ్చినా ఆ రక్తం రాజుది కాకుండా పోతుంది. అదే రోజు మళ్లీ టీకా. ముప్ఫై రోజులు దాటాక రక్తం తీసి యూరప్ గుర్తించిన ల్యాబ్‌కి పంపాలి. యాంటీబాడీలు మిల్లీలీటరుకి కనీసం 0.5 యూనిట్లు ఉండాలి. ఉన్నాయని తేలినా, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాల్సిందే. సెప్టెంబరు చివర రక్తం ఇస్తే డిసెంబరు చివరికి గడువు తీరుతుంది. కనుమ వెళ్లాక ఏక్యూసీఎస్ (కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం) వాళ్ల దగ్గర ఆరోగ్య సర్టిఫికెట్ తీసుకుని, అది ఇచ్చిన పది రోజుల్లోపు అక్కడ దిగాలి.

అన్న: మూడు నెలలు ఎందుకట? మందు ఒంట్లో పనిచేస్తోందని పరీక్షే చెప్పాక ఇంకా అనుమానమేంటి? మన దేశం కుక్క కాబట్టి చిన్నచూపు.

చెల్లెలు: చిన్నచూపు కాదు. టీకాకి ముందే ఏ పిచ్చికుక్కో కరిచి ఉంటే? ఆ జబ్బు వారాలు, నెలలు లోపలే దాక్కుని బయటపడుతుంది. ఆగమనేది అందుకు. ప్రపంచంలో రేబిస్‌తో పోయేవాళ్లలో మూడోవంతుకు పైగా మన దేశం వాళ్లేనని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. వాళ్ల స్థానంలో ఉంటే నువ్వూ ఆపేవాడివి. ఆస్ట్రేలియా అయితే ఇండియా నుంచి కుక్కని నేరుగా రానివ్వనే రానివ్వదు. బ్రిటన్‌లో 2000 సంవత్సరం దాకా బయటి దేశాల నుంచి వచ్చే కుక్కల్ని దాదాపు అన్నిటినీ ఆరు నెలలు క్వారంటైన్‌లో పెట్టేవాళ్లు. వాటితో పోలిస్తే జర్మనీ నయం.

అన్న: సరే, ఆ గడువేదో తీరాక ఏజెంటు పంపించేస్తాడు. దానికి నువ్వు అంత దూరం నుంచి రావడమెందుకు?

చెల్లెలు: నా ప్రయాణానికీ వాడి ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకి మించి తేడా ఉండకూడదు. ఉంటే పెంపుడు జంతువుగా చూడరు, వ్యాపార సరుకు కింద జమకడతారు. వాటి రూల్స్ వేరు. అందుకే సంక్రాంతికి వస్తున్నాను.

అన్న: అదీ సంగతి! పండక్కి వస్తున్నది కుక్క కోసం, అమ్మ కోసం కాదు.

చెల్లెలు: అన్నయ్యా!

అన్న: చిప్పు, రక్తం, సర్టిఫికెట్... ఇంత ఓపిక అమ్మ పాస్‌పోర్టు రెన్యువల్ మీద పెట్టావా?

చెల్లెలు: అమ్మకి విజిటర్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. రాజు ఒకసారి వెళ్తే ఉండిపోవచ్చు. ఆ రూల్ నేను రాసింది కాదు.

అన్న: నేనడిగింది రూల్ గురించి కాదు, పాస్‌పోర్టు గురించి.

చెల్లెలు: అమ్మే రానంది.

అన్న: ‘వస్తావా అమ్మా’ అని గుమ్మంలో నిలబడి అడిగితే ఏ తల్లయినా రాననే అంటుంది. రాజుని అలాగే అడిగావా? తీసుకెళ్తున్నావు, అంతే.

(దీనికి చెల్లెలి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.)

చెల్లెలు: అమ్మ కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నది ఎవరు? ఆ వారమంతా నువ్వెక్కడున్నావు?

అన్న: ఆడిట్. నీకు తెలుసు. ఇప్పుడు ఆ మాటెందుకు?

చెల్లెలు: నువ్వు తెచ్చావు కాబట్టి.

అన్న: సరే, వదిలెయ్. అక్కడి సంగతి చెప్పు. పొద్దున వెళ్లి రాత్రికి వస్తావు. పగలంతా గదిలో ఒక్కడే ఏం చేస్తాడు?

చెల్లెలు: కుక్కని ఆరుబయట చాలినంత తిప్పాలని అక్కడ చట్టమే ఉంది. కుక్కకి పన్ను కట్టాలి, అయితే కుక్కతో రైలెక్కొచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి మ్యూనిక్‌కి వాణ్ని రైల్లోనే తీసుకెళ్తాను. ఇక్కడ మా అసోసియేషన్ వాళ్లు లిఫ్ట్ కూడా ఎక్కనివ్వరు, నాలుగో అంతస్తు నుంచి మెట్లే.

అన్న: చట్టం వచ్చి గొలుసు పట్టుకుని తిప్పదమ్మా. చీకటితో లేచి, చలిలో బూట్లు వేసుకుని తిప్పాల్సింది నువ్వు. మొన్నటిదాకా వాచ్‌మన్ తిప్పాడు.

చెల్లెలు: అవును, వాచ్‌మనే. అక్కడ వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. మిగతా రెండు రోజులకి మనిషిని మాట్లాడుకోవాలి, డబ్బవుతుంది.

అన్న: ఇప్పటికే లక్షల్లో అవుతోంది. ఆ డబ్బుతో ఇక్కడ వందల వీధికుక్కలకి టీకాలు వేయించొచ్చు.

చెల్లెలు: వేయించొచ్చు. నువ్వు కారు మార్చిన డబ్బుతోనూ వేయించొచ్చు.

అన్న: నాకు అర్థం కానిది ఒకటే. తెనాలిలో వాడికేం తక్కువ?

చెల్లెలు: పోయిన దసరాకి వదిలి వెళ్లినప్పుడు చూశావుగా. గేటు దగ్గరే పడుకున్నాడు, అన్నం ముట్టలేదు. అమ్మ ఫోన్ స్పీకరులో పెడితే నా గొంతు విని ఫోన్ చుట్టూ తిరిగాడు.

అన్న: తర్వాత తిన్నాడుగా. రెండు రోజులు బెంగపెట్టుకున్నాడు, మూడో రోజు పక్కింటి కోళ్ల వెంట పడ్డాడు. నువ్వు వచ్చేసరికి నీకన్నా బలిసి ఉన్నాడు.

చెల్లెలు: తిన్నాడు. కాదనను. కానీ అది పది రోజులు, ఇది బతుకంతా.

అన్న: ఆ పెట్టెలోనైనా కుదురుగా ఉంటాడా? ఓ మత్తుబిళ్ల వేస్తే పడుకుంటాడేమో.

చెల్లెలు: అది మాత్రం అనకు. పైన ఉన్నప్పుడు మత్తుకి బీపీ పడిపోతుంది, తూలి పడితే లేపే మనిషి ఉండడు. మత్తులో ఉన్న కుక్కని ఎయిర్‌లైన్లూ ఎక్కించుకోవు. అందుకే పెట్టె ఇప్పటి నుంచే హాల్లో పెట్టాను. అందులో వాడు నిటారుగా నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి, కొలత అదే. తలుపు తీసి అన్నం లోపల పెడుతున్నాను. మొదట్లో వెనక కాళ్లు బయటే ఉంచి, మెడ సాచి గిన్నె ఖాళీ చేసి పారిపోయేవాడు. ఇప్పుడు మధ్యాహ్నం నిద్ర అందులోనే. నీళ్ల గిన్నె ఫ్రిజ్‌లో గడ్డకట్టించి పెట్టాలి, ఎక్కించేటప్పుడు ఒలకవు, మెల్లగా కరిగేకొద్దీ నాకుతాడు.

అన్న: అన్నీ ఆలోచించావు. ఆ 0.5 రాకపోతే?

చెల్లెలు: మళ్లీ టీకా, మళ్లీ రక్తం, మళ్లీ మూడు నెలలు.

అన్న: అంటే ఎండాకాలం తగులుతుంది.

చెల్లెలు: ఎండల్లో తీసుకెళ్లను. వానలు పడేదాకా మీ ఇంట్లోనే ఉండాలి. ఉంచుకుంటావా?

అన్న: నేనుంచుకుంటాను. మీ వదినని మాత్రం నువ్వే అడుగు.